పాత నీళ్ళు

ఆ వసంతంలో నాలుగు వందల పన్నెండు సార్లు తెరుచుకుంది
హార్లింగెన్ దాటాక వచ్చే చిన్న లాకు.
ఏడుసార్లు తెరుచుకోలేదు.
ఏడుసార్లూ నీళ్ళు రెండువైపులా సమంగానే ఉన్నాయి.
పడవలవాళ్ళు హారన్లు కొట్టారు, తిట్టారు.
యంత్రం మాత్రం
ఇంకా ఎత్తు తేడా ఉందని మొండికేసింది.

తొమ్మిది వేల పంక్తుల ప్రోగ్రాం.
హిస్కె లెక్కలతో మొదలుపెట్టింది.
ఏ రోజు ఏ పంక్తి మీదుగా నడిచిందో
అడుగుల గుర్తులన్నీ పోగేసింది.
చెడ్డరోజు కనబడి, మంచిరోజు కనబడని పంక్తికి ఎరుపు.
అన్ని రోజులూ ఉన్నదానికి పచ్చ.
మధ్యవాటికి సగం పండిన బేరిపండు రంగు.

సాయంత్రానికి ఒక్క పంక్తి నెత్తురులా మెరిసింది.
ఏడింటికి ఏడుసార్లూ అక్కడే ఉంది,
మరెప్పుడూ లేదు.
"దొరికాడు," అన్నాను నేను.
తీరా చూస్తే
అది అలారం మోగించే పంక్తి.
ఇల్లు కాలుతోందని అరిచినవాడి చేతికే
అగ్గిపెట్టె అంటగట్టాం.

లెక్కకు తెలిసింది అంతే:
ఎవరు ఎక్కడ ఉన్నారో.
ఎందుకున్నారో దానికి పట్టదు.

అప్పుడు కోత మొదలైంది.
తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు.
ఈ పనిలో తీగ లాగుతుంటే డొంక రాలిపోవాలి.
అలారాన్ని అరిపించింది ఏ విలువ?
ఆ విలువకు అన్నం పెట్టింది ఎవరు?
వాళ్ళకు?
వెనక్కి వెళుతున్నకొద్దీ
లైట్లు వెలిగించే పంక్తులు రాలాయి,
రశీదులు అచ్చేసేవి రాలాయి,
గాలిని కొలిచేవి, తేదీ రాసేవి,
డచ్చిలో ఒకసారి, జర్మన్‌లో ఒకసారి
ఆలస్యానికి మన్నించమనేవి
అన్నీ రాలాయి.
ముప్పై ఒక్కటి మిగిలాయి.
ఆ అలారం తప్ప అన్నీ పచ్చ.
రోజూ పనికొచ్చే, ఏ మచ్చా లేని పంక్తులు.

ఒక్కొక్కదాన్నీ వేలు పెట్టి చదివాం.
కొలతల్ని పేర్చేది సరిగ్గానే పేరుస్తోంది.
సగటు తీసేది సరిగ్గానే తీస్తోంది.
హిస్కె కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకుంది.
కాఫీ మీద మీగడ కట్టింది.

పొద్దుపోయాక, వేరే దారి లేక,
ఏడు తేదీలూ గోడ మీద రాసి చూశాను.
అన్నీ మే నెలవే.
ప్రోగ్రాంకి నెలలతో ఏం పని?

లాకు కాపరి డౌవెకి ఫోన్ చేశాను.
మేలోనా, అని కాసేపు ఆగాడు.
తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పాడు:
"బాతుపిల్లలు.
తల్లి వెనక వరసగా లోపలికొస్తాయి.
నీళ్ళు నిండేటప్పుడు సుడికి కొట్టుకుపోతాయి.
అందుకని గోడ మీది బొత్తాం నొక్కి మోటారు ఆపేస్తాను.
అవి దాటాక మళ్ళీ మొదలుపెడతాను.
ఎవరికీ చెప్పలేదు."

ఆపి, మళ్ళీ మొదలుపెడితే.

ముప్పై ఒక్క పంక్తుల్నీ మళ్ళీ చదివాం,
ఈసారి వాటి మధ్య ఖాళీల్ని.
ఆగినంతసేపూ కొలతలు చేరుతూనే ఉన్నాయి.
కొత్త నీళ్ళు నిండాక కూడా
సగటులో పాత నీళ్ళు
తమ వాటా అడుగుతూనే ఉన్నాయి.
పాతవి మరిచిపొమ్మని చెప్పే పంక్తి
ఎవరూ రాయలేదు.

లేని పంక్తికి ఏ రంగు పూస్తాం?
రాయనిదాన్ని ఏ కత్తి కోస్తుంది?
అయినా ఆ రంగులే లేకపోతే, ఆ కోతే లేకపోతే
తొమ్మిది వేల పంక్తుల రద్దీలో
ఆ ఖాళీ
ఖాళీగా కనబడేదా?

హిస్కె ఒక్క పంక్తి చేర్చింది.
కారణం పక్కనే రాయడం మా దగ్గర రూలు:
"మళ్ళీ మొదలైనప్పుడు పాత నీళ్ళు మరిచిపో."
చేతులు కీబోర్డు మీదే ఉంచి ఆలోచించింది.
కింద ఇంకో ముక్క రాసింది:
"బాతుపిల్లల కోసం. తీసేయవద్దు."